పెరట్లో పది కోడిపిల్లల్ని పెంచడం ఎలా

కోళ్ల పెంపకం అనగానే షెడ్డు కొలతలు, మేత ఖర్చు, లాభం లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అవన్నీ వందల్లో పెంచేవాళ్లకి. ఇంటి వెనక కాస్త పెరడు, ఒక వేపచెట్టు, ఒక నీళ్ల తొట్టి ఉన్నవాళ్లకి పది పన్నెండు పిల్లలు చాలు. మొదటిసారి పెంచేవాళ్లయితే అంతకు మించి తెచ్చుకోవద్దని గట్టిగా చెప్తాను. పది పిల్లలైతే దేని గుణం ఏంటో వారం తిరిగేసరికి మీకు తెలిసిపోతుంది. ఏది దూకుడుది, ఏది పిరికిది, ఏది నోరున్నది, ఏది తన మానాన తను తిరుగుతుంది అన్నది తెలిస్తే, వాటిలో ఒకదానికి ఒంట్లో బాగోలేని రోజు పొద్దున్నే కనిపెట్టేస్తారు. కోడిపిల్లకి జబ్బు చేస్తే మన చేతిలో ఉండేది ఒక పూట, మహా అయితే ఒక రోజు. ఆ పూట పోగొట్టుకోకపోవడమే పెంపకంలో అసలు పని.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండకీ వానకీ తగ్గట్టు ఇది రాస్తున్నాను. గోదావరి వైపు వాళ్లకి నెలలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక వాయుగుండం పట్టిందంటే పెరడు వారం రోజులు ఆరదు. తడి నేల మీద తిరిగే చిన్నపిల్లలకి రక్తపారుడు చాలా తేలిగ్గా పట్టుకుంటుంది. ఇక మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఈ రెంటికీ మధ్యలో ఉన్న కాలం మనది. డిసెంబరు నెలాఖరులో గుడ్లు పొదగేస్తే సంక్రాంతి దాటగానే పిల్లలు దిగుతాయి. రోహిణి కార్తె వచ్చేసరికి నాలుగు నెలలు నిండి, ఒంటినిండా ఈకలతో ఎండకి కాస్త తట్టుకునే స్థితిలో ఉంటాయి. అది కుదరకపోతే జులైలో మొదలుపెట్టండి. ముసురు పట్టేలోపు రెండు నెలలు దాటిపోతాయి.

పిల్లలు ఎక్కడివి తెచ్చుకోవాలి

పొదుగుకొచ్చిన నాటు పెట్ట దొరికితే అంతకన్నా మంచి మార్గం లేదు. పెట్ట పొదుగుకొచ్చిందని ఎలా తెలుస్తుందంటే, గూట్లోంచి లేవదు, చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు పల్చబడతాయి. పాత గంపలో ఇసుక పోసి, పైన వరిగడ్డి సర్ది, మధ్యలో కొంచెం గుంట చేయండి. గుడ్లు వారం లోపువై ఉండాలి. కడగకూడదు, ఫ్రిజ్‌లో పెట్టినవి పనికిరావు. నాటు పెట్ట ఒంటి కింద పది పన్నెండు గుడ్లు సరిగ్గా ఇముడుతాయి. ఇంకో నాలుగు ఇరికిస్తే చివరివాటికి వెచ్చదనం అందక అన్నీ పాడవుతాయి. చీకటి పడ్డాక కూర్చోబెడితే పెట్ట పేచీ పెట్టకుండా సర్దుకుంటుంది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని కొన్ని ఇళ్లల్లో బొగ్గుముక్కో, ఇనుప మేకో గుడ్ల మధ్య పెడతారు. దానివల్ల నష్టమేమీ లేదు, పెద్దవాళ్లు పెడతానంటే పెట్టనివ్వండి.

ఏడో రోజు రాత్రి ఒక్కో గుడ్డునీ టార్చిలైటు ముందు పెట్టి చూడండి. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉంటే పిల్ల తయారవుతోందని అర్థం. ఏమీ లేకుండా తేటగా ఉన్నది పక్కన పెట్టేయండి. పద్దెనిమిదో రోజు తర్వాత ఇక గుడ్లని ముట్టుకోవద్దు. ఇరవయ్యో రోజుకి గుడ్డులోంచే పిల్ల కిచకిచమంటుంది, పెట్ట గొంతు తగ్గించి జవాబిస్తుంది. గంప దగ్గర చెవి పెడితే మనకీ వినిపిస్తుంది. ఇరవై ఒకటో రోజు పెంకు పగిలి పిల్ల బయటికి రావడానికి గంటలు గంటలు పట్టొచ్చు. జాలిపడి పెంకు ఒలవకండి. లోపలి పొరలో ఇంకా రక్తం ఆడుతుంటుంది, ఒలిస్తే పిల్ల మిగలదు.

పెట్ట లేనివాళ్లు పిల్లల్ని కొనాలి. పెరటికోళ్ల కోసమే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రకాలు మన వాతావరణానికి బాగా తట్టుకుంటాయి. వనరాజ గుడ్డుకీ మాంసానికీ, గ్రామప్రియ ఎక్కువగా గుడ్డుకి. ఎక్కడ దొరుకుతాయో మీ పశువైద్యశాలలో అడగండి. ఆటోలో మైకు పెట్టి నాటుకోడి పిల్లలని అమ్మేవాటిలో చాలావరకు సంకరాలే ఉంటాయి. జాతర్లలో, బస్టాండు దగ్గర గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే కోడిపిల్లల్ని మాత్రం ఇంట్లో పిల్లలు ఎంత ఏడ్చినా కొనొద్దు. గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని పక్కన పెట్టిన మగపిల్లలే వాటిలో ఎక్కువ. రంగులో ముంచడం, ఎండలో తిప్పడం, టీకా లేకపోవడం అన్నీ కలిసి వచ్చేసరికి నీరసించిపోయి ఉంటాయి.

కొనేటప్పుడు పిల్లని అరచేతిలో వెల్లకిలా పెట్టి చూడండి. బొడ్డు పొడిగా మూసుకుపోయి ఉండాలి, కళ్లు మెరుస్తుండాలి, వదలగానే తిరగబడి లేవాలి. వెనక ఈకలు రెట్టతో అంటుకుపోయినదాన్ని తీసుకోవద్దు.

వెచ్చదనం

తల్లి ఉంటే ఈ భాగం మొత్తం అది చూసుకుంటుంది. కొన్న పిల్లలకి మీరే ఏర్పాటు చేయాలి. పది పిల్లలకి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అట్టపెట్టె మొదటి మూడు వారాలకి సరిపోతుంది. పైన అడుగున్నర ఎత్తులో నలభై లేక అరవై వాట్ల పాత తీగ బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గానీ వేడి ఇవ్వదు. ఇళ్లన్నీ ఎల్‌ఈడీలైపోయాక చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. బల్బు వెలుగుతోంది కదా అని నిద్రపోతారు, తెల్లారేసరికి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి అడుగువి ఊపిరాడక చచ్చిపోయి ఉంటాయి.

మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, పిల్లల్ని చూస్తే చాలు. బల్బు కింద గుంపుగా ముడుచుకుని గట్టిగా కీచుమంటుంటే చలి. గోడలకి అతుక్కుని నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. అన్నీ ఒకే పక్కకి జరిగితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని. పెట్టె అంతా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకుని, సన్నగా కిచకిచమంటుంటే అంతా బాగున్నట్టు. మార్చి వచ్చాక మన ఊళ్లల్లో పగలు బల్బు అవసరమే ఉండదు, రాత్రికి వేస్తే చాలు.

కరెంటు పోయినప్పుడు కుంపటి పెట్టడం పాత అలవాటే గానీ మూసిన గదిలో ఆ పొగ, నిప్పు రెండూ ప్రమాదమే. సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పెట్టె మధ్యలో పెట్టండి. పిల్లలు వాటికి ఆనుకుని పడుకుంటాయి.

అడుగున రెండంగుళాల మందాన వరి ఊక. నెల్లూరు వైపు రైసుమిల్లుల పుణ్యమా అని దానికి కరువు లేదు. కనిగిరి, పొదిలి లాంటి మెట్ట ఊళ్లల్లో వేరుశనగ పొట్టు వాడొచ్చు, బూజు లేకుండా బాగా ఎండినదైతే. మొదటి రెండు మూడు రోజులు ఊకనే మేతనుకుని తినేస్తాయి కాబట్టి పైన గోతం పరవండి. న్యూస్‌పేపరు, ప్లాస్టిక్ కవరు నున్నగా ఉంటాయి, లేత కాళ్లు పక్కలకి జారిపోయి పిల్ల నిలబడలేకుండా అయిపోతుంది. తడిసిన ఊకని అప్పటికప్పుడు తీసి పొడిది వేయాలి. ఇందులో బద్ధకించకండి.

నీళ్లు, మేత

ముందు నీళ్లు, తర్వాతే మేత. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కడుపులో పచ్చసొన రెండు మూడు రోజులకి సరిపడా ఉంటుంది కాబట్టి ఆకలికి కంగారుపడొద్దు, కానీ ప్రయాణం చేసి వచ్చిన పిల్లకి దాహం ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కునీ ఒకసారి మెల్లగా ముంచండి. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి. లోతు తక్కువ ఉన్న మట్టిమూకుడులో గులకరాళ్లు పరిచి నీళ్లు పోస్తే పిల్లలు అందులో పడి తడవవు.

మొదటి రోజు మొక్కజొన్న రవ్వ లేదా బియ్యం నూకలు చల్లండి. రెండో రోజు నుంచి చిక్ స్టార్టర్ అని చిన్నపిల్లల కోసమే అమ్మే మేత. నూకలు ఒక్కటే పెడితే పొట్ట నిండుతుంది గానీ పిల్ల ఎదగదు, చిన్నపిల్ల మేతలో మాంసకృత్తులు ఇంచుమించు 20 శాతం ఉండాలి. ఇంట్లోనే కలుపుకోవాలనుకుంటే నెల దాటాక మొదలుపెట్టండి: నూకలు, సజ్జలు, తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం ఎండుచేపల పొడి. సముద్రం దగ్గరి ఊళ్లల్లో ఎండుచేప చవగ్గా దొరుకుతుంది, కానీ ఉప్పు పట్టించినది కోడిపిల్లలకి విషంతో సమానం. ఉప్పు వెయ్యకుండా ఎండబెట్టిన చిన్నచేపలే తీసుకోండి. బూజు వాసన వచ్చే మొక్కజొన్న, చెక్క అస్సలు వద్దు. బూజులో పుట్టే విషం కాలేయాన్ని కొడుతుంది, పెద్ద కోడి తట్టుకున్నా పిల్ల తట్టుకోదు.

మెట్ట ప్రాంతంలో ఉన్నవాళ్లకి ఇంకో వరం చెదపురుగులు. పాత కుండలో చిరిగిన గోతం ముక్కలు, ఎండుపేడ, గడ్డి కుక్కి, బాగా తడిపి, సాయంత్రం చెదపుట్ట దగ్గర నేల మీద బోర్లించండి. మర్నాడు పొద్దున ఎండెక్కకముందే తిరగేస్తే కుండ నిండా చెదలు కదులుతుంటాయి. పిల్లల ముందు దులపండి. ఇంటి తలుపులకి, దూలాలకి దూరంగా, పురుగుమందు కొట్టని చోట చేయాలి. వారం పది రోజులు ఇలా పెట్టిన పిల్లల రెక్కల ఈకలు ఎలా వస్తాయో మీరే చూస్తారు.

ఒక్కోదాని గుణం

సాయంత్రం మేత వేశాక ఒక పది నిమిషాలు పీట వేసుకుని కూర్చోండి. ఫోను లోపల పెట్టి రండి. మొదట అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కాళ్లకి రంగు దారాలు వదులుగా కట్టుకోండి. కాలు పెరిగే కొద్దీ దారం బిగుసుకుంటుంది, వారానికోసారి విప్పి కట్టాలి. ఈకలు దిగాక దారాలతో పని లేదు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు, రంగురంగుల చుక్కలుంటే పూల. మన ఇళ్లల్లో ఎప్పుడూ పిలిచే పేర్లే.

ప్రతి గుంపులోనూ ముందు దూకేది ఒకటి ఉంటుంది. కొత్త గిన్నె పెడితే మిగతావి వెనక్కి తగ్గుతాయి, ఇది వెళ్లి పొడిచి చూస్తుంది. దాన్నే ముందు మచ్చిక చేసుకోండి. అది మీ అరచేతిలో నూకలు తింటే రెండు రోజుల్లో మిగతావీ వస్తాయి. అయితే గద్దకీ పిల్లికీ ముందు చిక్కేది కూడా ఇదే. పెరట్లోకి వదిలిన మొదటి వారం మీ కన్ను దాని మీదే ఉండాలి.

మా పెరట్లో ఇప్పుడున్న వాటిలో ఒక కాకి పిల్ల ఉంది. చెదపురుగు దొరికితే అక్కడే మింగదు. నోట కరుచుకుని, మెడ చాచి, సన్నగా అరుస్తూ పెరడంతా పరిగెడుతుంది. అది అరవకుండా ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు, కానీ అరుస్తుంది. మిగతా తొమ్మిదీ దాని వెంట. బోరింగు చుట్టూ రెండుసార్లు తిరిగేసరికి సేతు వచ్చి పురుగుని సగం తెంపుకుపోతుంది. కోడిపిల్లలన్నిట్లోనూ కొంత ఉండే అలవాటే ఇది, దీనికి మాత్రం అదే ఆట. ఒక సాయంత్రం ఇది పురుగు నోట పట్టి అక్కడే నిలబడిపోయింది, పరుగూ లేదు, అరుపూ లేదు. ఎత్తి చూస్తే వెనక ఈకలకి రెట్ట గట్టిగా అంటుకుని దారి మూసుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి నానబెట్టి, లాగకుండా తుడిచి, కొంచెం కొబ్బరినూనె రాశాం. మర్నాటికి మళ్లీ బోరింగు చుట్టూ పరుగు. నెమ్మదస్తురాలైన పిల్ల అలా నిలబడి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

నెమ్మదస్తురాలు కూడా ప్రతి గుంపులో ఉంటుంది. అన్నీ తిన్నాక వచ్చి తింటుంది, నీడన పడుకుంటుంది. అది జబ్బా, గుణమా అన్నది తేల్చుకోవడానికి రెండు పరీక్షలు. ఒకటి, పురుగు చూపిస్తే కళ్లు పెద్దవి చేసి అడుగు ముందుకేస్తుందా? రెండు, చీకటిపడ్డాక మెడ కింద కుడివైపున్న మేతసంచి తడిమితే నిండుగా ఉందా? రెండూ ఉంటే అది దాని స్వభావం, వదిలేయండి. సంచి ఖాళీగా ఉంటే దాన్ని విడిగా పెట్టి మేత వేయండి. మిగతావి పొడిచి తిననివ్వకపోవచ్చు.

ఇక నోరున్నది. ఆకాశంలో గద్ద నీడ పడినా, గోడ మీద పిల్లి కదిలినా ముందు దీని గొంతే లేస్తుంది. విసుక్కోకండి, ఇలాంటిది ఒకటి ఉన్న గుంపు అదృష్టవంతమైనది. కొన్నాళ్లకి అరుపుల్లో తేడా మీకే తెలుస్తుంది. పైనుంచి ఆపద వస్తే పెట్ట అరిచే అరుపు వేరు, పిల్లలు ఉన్నచోటే నక్కుతాయి. నేల మీద పిల్లి వస్తే ఆగకుండా కొక్కొక్కోమని గోల పెట్టేది వేరు.

రెండో మూడో వారం నుంచి పిల్లలు ఎదురెదురుగా నిలబడి, మెడ ఈకలు రిక్కించి, రొమ్ముతో రొమ్ము కొట్టుకుంటాయి. భయపడకండి. ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చుకుంటున్నాయి. నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె చిన్నప్పట్నుంచి ఇంటి కోళ్లని గమనించి, ఏ కోడి ఏ కోడిని పొడవొచ్చో వాటి మధ్య ఒక వరుస ఉంటుందని 1921లో రాశాడు. ఆ వరుస తేలాక గుంపు సర్దుకుంటుంది. మేతగిన్నె ఒక్కటే ఉంటే మాత్రం వరుసలో చివరిది ఎప్పుడూ పస్తే. అందుకే పది పిల్లలకైనా రెండు గిన్నెలు, రెండు నీళ్ల మూకుళ్లు, ఒకదానికొకటి కనపడనంత దూరంలో పెట్టండి. పందెపుకోళ్ల జాతి అయిన అసిల్ రక్తం ఉన్న పిల్లలు మరీ చిన్నప్పుడే తలపడతాయి, వాటికి ఇంకాస్త చోటు కావాలి.

పొడుచుకోవడం రక్తం దాకా వచ్చిందంటే అది గుణం దాటిన సంగతి. చోటు చాలట్లేదో, వేడి ఎక్కువైందో, బల్బు వెలుగు మరీ తీక్షణంగా ఉందో, మేతలో మాంసకృత్తులు తక్కువయ్యాయో చూడండి. గాయపడినదాన్ని వెంటనే తీసేయండి, ఎర్రగా కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. గాయానికి పసుపు, వేపనూనె రాసి, మానాక కలపండి. పొడిచే పిల్లని కూడా రెండు మూడు రోజులు విడిగా ఉంచి తెస్తే వరుసలో కిందకి దిగి కాస్త నెమ్మదిస్తుంది.

మచ్చిక చేసేటప్పుడు చెయ్యి పైనుంచి పెట్టకండి, పిల్ల కంటికి అది గద్ద. నేల మీద కూర్చుని, పక్క నుంచి, అరచెయ్యి చాపి ఉంచండి. మేత వేసిన ప్రతిసారీ ఒకే పిలుపు పిలవండి, ‘బా బా బా’ అనో, గిన్నె మీద తట్టో. పిల్లలు కోడిపిల్లల్ని ఎత్తుకోవాలంటే ముందు నేల మీద కూర్చోవాలని, రెండు చేతులతో పట్టుకోవాలని నేర్పండి. ముద్దుపెట్టుకోవడం వద్దు, వదిలాక సబ్బుతో చేతులు కడగాలి. వీటిలో పుంజులు కూరకి వెళ్తాయా లేదా అన్నది మొదటే ఇంట్లో మాట్లాడుకుని పిల్లలకి చెప్పేయడం మంచిది. ఆర్నెల్లు చేతిలో పెట్టి పెంచనిచ్చి పండగపూట చెప్పడం వాళ్లకి అన్యాయం.

టీకాలు

ఇది మాత్రం ఎవరి గుణంతోనూ సంబంధం లేకుండా అన్నిటికీ వేయించాలి. మన ఊళ్లల్లో కొక్కెర తెగులు వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో వీధి వీధంతా ఖాళీ. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలితిరిగిపోవడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు.

ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క కంట్లో. రెండు వారాలకి గంబోరో జబ్బుకి టీకా. నాలుగో వారం చివర మళ్లీ లసోటా. ఆరు వారాలకి మశూచి టీకా. ఎనిమిది వారాలకి కొక్కెర తెగులుకి ఆర్‌టూబీ ఇంజెక్షన్, అర మిల్లీలీటరు, చర్మం కింద. చిన్న గుంపుకి వచ్చే చిక్కేంటంటే ఒక్కో సీసాలో వందా రెండొందల డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి వీధిలో కోళ్లున్న నాలుగిళ్ల వాళ్లతో మాట్లాడి ఒకే రోజు పెట్టుకోండి. సీసాని ఐసు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చి, పొద్దున చల్లపూట వేయించండి. డోసులు, తేదీలు మీ పశువైద్యుడితో ఒకసారి సరిచూసుకోండి.

మూడు వారాల వయసు నుంచి ఎప్పుడైనా రెట్టలో రక్తం కనిపించి, పిల్ల రెక్కలు వేలాడేసి కునుకుతుంటే అది రక్తపారుడు. ఆ రోజే డాక్టరు దగ్గర మందు తెచ్చి అన్నిటికీ నీళ్లలో ఇవ్వాలి, ఊక మొత్తం మార్చాలి. ఆ పిల్లకి తగ్గుతుందేమో చూద్దామని ఆగకండి.

పెరట్లోకి వదలడం

నాలుగైదు వారాలకి ఈకలు దిగాక పగలు ఒక గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోండి. గద్దలకి, కాకులకి అడ్డంగా పైన వల కట్టాలి. కొత్తపట్నం, జువ్వలదిన్నె లాంటి సముద్రపు ఊళ్లల్లో చిరిగిన చేపల వలలు తక్కువకే ఇస్తారు, అవి భేషుగ్గా పనికొస్తాయి. చెట్టు కింద ఒక మూల మట్టి, పొయ్యి బూడిద కలిపి పోయండి. అందులో పొర్లాడితే పేలు రాలిపోతాయి. మధ్యాహ్నం వాటి మట్టిస్నానం కాసేపు నిలబడి చూడదగ్గది. ఒకటి మొదలుపెడితే మిగతావి చుట్టూ చేరి రెక్కల కిందకి మట్టి ఎగజిమ్ముకుంటూ, కళ్లు అరమోడ్చి పడుకుంటాయి.

రాత్రి గంప కింద కమ్మి పైన బరువు పెట్టడం పిల్లలు చిన్నగా ఉన్నంతవరకే సరిపోతుంది. పెరిగాక గూడు కావాలి. కోళ్ల మెష్ కోడిని ఆపుతుంది గానీ పాముని, పందికొక్కుని ఆపదు, అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ కొట్టించండి. పెద్ద కోడికి రెండు మూడు చదరపు అడుగులు, నేలకి రెండడుగుల ఎత్తులో పడుకోవడానికి ఒక కర్ర.

2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. చలికాలంలో పులికాట్, నేలపట్టు వైపు వలస పక్షులు దిగే ప్రాంతం మనది. బాతులు, కొంగలు తిరిగే చెరువు నీళ్లు కోళ్లకి పెట్టకండి, ఆ నెలల్లో సంతలో కొన్న కోడిని నేరుగా గుంపులో కలపకండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే ముట్టుకోకుండా, కూరకి వాడకుండా, వెంటనే పశువైద్యశాలకి చెప్పండి.

ఎండాకాలం

ఏప్రిల్ నుంచి మేత తెల్లవారుజామున, పొద్దు వాలాక మాత్రమే. మధ్యాహ్నం తింటే అరుగుదల వేడి కూడా ఒంట్లో తోడవుతుంది. నీళ్లు మట్టిపాత్రల్లో, నీడన, మూడు పూటలా మార్చండి. రేకుల గూడైతే పైన తాటాకు లేదా వరిగడ్డి మందంగా కప్పి తడపాలి, పక్కలకి తడి గోతాలు కట్టాలి. కోడి రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే నీడకి తెచ్చి కాళ్లు చల్లటి నీళ్లలో ఉంచండి, ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు తాగించండి.

పుంజులు, పెట్టలు, కొత్తవాళ్లు

ఎనిమిది వారాలకి తలమీది జుట్టు ఎర్రగా లేచినవి పుంజులని తేలిపోతాయి. పిల్లల్లో దాదాపు సగం అవే ఉంటాయి. పది కోళ్ల గుంపుకి ఒక్క పుంజు చాలు. ఏది ఉంచుకోవాలన్నప్పుడు ఒడ్డూ పొడుగూ ఒక్కటే చూడకండి. మేత దొరికితే కొక్కొక్ అని పెట్టల్ని పిలిచి, అవి తినేదాకా పక్కన నిలబడే పుంజు ఉంటుంది. మీ పిల్లల కాళ్ల మీదికి ఎగిరి తన్నేదీ ఉంటుంది. మొదటిదాన్ని ఉంచుకోండి.

ఐదారు నెలలకి పెట్టలు గుడ్లకి వస్తాయి. వారం పది రోజుల ముందు నుంచే చీకటి మూలలు వెతుక్కుంటూ తిరుగుతాయి. రెండు మూడు గంపల్లో గడ్డి వేసి ఎత్తు మీద పెట్టండి. మెత్తగా దంచిన ఆల్చిప్పలు గానీ గుడ్డుపెంకులు గానీ విడిగా ఒక చిప్పలో ఉంచితే కావలసినంత తింటాయి. పిల్లలున్న చోట మాత్రం ఇది పెట్టకూడదు, సున్నం ఎక్కువైతే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కొత్త కోడినో, రెండో ఈడు పిల్లల్నో కలపాలంటే ముందు మూడు వారాలు వేరే మూల విడిగా ఉంచండి, జబ్బేదైనా ఉంటే ఆలోపు బయటపడుతుంది. తర్వాత వారం మెష్‌కి అటూ ఇటూ, ఒకదానికొకటి కనపడేలా. ఆపైన ఒక రాత్రి అన్నీ కర్ర మీద నిద్రపోయాక కొత్తవాటిని పక్కన చేర్చండి. ఒక్కదాన్ని కలపడం కంటే ఇద్దరు ముగ్గుర్ని కలపడం మేలు, పొడుపులన్నీ ఒక్కదాని మీదే పడవు. మర్నాడు పొద్దున మూడో మేతగిన్నె ఒకటి అదనంగా పెట్టి, కాసేపు దగ్గరే ఉండండి.